గుమ్మడికాయ అలారం

మా కారుకి అలారం బిగించాక అది మొట్టమొదట మోగింది నా మీదే. బిగించి పది నిమిషాలు కూడా కాలేదు. టెస్టరు పట్టుకుని నా భార్య హైమావతి, వాకిట్లో కుర్చీ వేసుకుని మా అమ్మ, ప్రహరీ మీద మోచేతులు ఆనించి పక్కింటి విశ్వనాథం మాస్టారు, అందరూ చూస్తుండగా నేను దర్జాగా వెళ్ళి డ్రైవరు వైపు తలుపు పిడి మీద చెయ్యి వేశాను. చిలకలపూడి అంతా ఉలిక్కిపడి లేచేంత మోత.

"దొంగ దొరికాడు," అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. హైమ మాత్రం నవ్వలేదు. నా చేతి వంక ఒకసారి, నా ముఖం వంక ఒకసారి చూసి, "మీరెందుకండీ?" అంది.

మాది బందరు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి పూత వేసే షెడ్డు ఉంది. షెడ్డు మా నాన్నది, ఇప్పుడు పేరుకి నాది, నిజానికి హైమది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మనిషిని పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన నెలకల్లా ఏ తొట్టిలో ఏది ఎంత కలపాలో నన్ను అడగడం మానేసి నాకే చెప్పడం మొదలుపెట్టింది.

నాలుగేళ్ళ కిందట ఒక తొట్టిలో ఏదో కలవకూడనిది కలిసింది. ఏం కలిసిందో ఈనాటికీ నాతో చెప్పదు. ఆ తొట్టిలో ముంచిన గాజులు మామూలుగానే మెరిశాయి గానీ, మా దగ్గర గాజులు తుడిచే సుగుణ ముట్టుకున్నవి మాత్రం నీలంగా మారాయి. మిగతా ఇద్దరు ముట్టుకున్నవి బాగానే ఉన్నాయి. అంతకుముందు రోజు పిల్లాడికి జ్వరమని సెలవు పెట్టిన సుగుణ, నిజానికి మ్యాట్నీకి వెళ్ళిందని మధ్యాహ్నం అన్నాల దగ్గర బయటపడింది. ఒప్పుకుని, కాస్త ఏడ్చి, ముక్కు తుడుచుకున్నాక ఆమె ముట్టుకున్న గాజులు నీలం కాలేదు. ఇంకొకరైతే తొట్టి పారబోసి ఊరుకునేవారు. హైమ దానికి మూత పెట్టి తాళం వేసింది.

తప్పు చేశానని లోపల అనుకుంటున్న మనిషి చెమటలో ఏదో ఒక పదార్థం దిగుతుందని, ఈ పూత దాన్ని పసిగడుతుందని ఆమె అంచనా. "భయపడినా చెమట పడుతుందిగా?" అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. మర్నాడు పూత వేసిన రేకుముక్క ఒకటి నా చేతిలో పెట్టి, నాకు చెప్పకుండా మాస్టారి కుక్కని వదిలింది. నేను ప్రహరీ ఎక్కేశాను. రేకు చూస్తే పచ్చగా బంగారంలాగే ఉంది. నేనింకా గోడ మీద ఉండగానే కింద నుంచి అడిగింది.

"ఇవాళ లడ్డు తిన్నారా?"

"లేదే," అన్నాను.

రేకు నీలం తిరిగింది. నాకు చక్కెర జబ్బు. బందరులో పుట్టినవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష దేవుడు కూడా వెయ్యలేడు.

ఇక కారు సంగతి. అది అమ్మ కోసం కొన్నది. నిరుడు నాన్న పోయాక అమ్మ నాలుగు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. మోకాళ్ళు పనిచెయ్యవు, కళ్ళల్లో శుక్లాలు, ఈ ఎండలు తగ్గాక ఆపరేషన్ అన్నారు. ఒకరోజు హైమ పట్టుబట్టి అద్దె కారులో మంగినపూడి సముద్రానికి తీసుకెళ్ళింది. అమ్మ గంటసేపు గాలికి కూర్చుంది, కాల్చిన మొక్కజొన్న కండె సగం తింది, ఇంటికొచ్చాక "రేపు కూడా వెళ్దామా?" అని అడిగింది. ఆ వారమే పాత నీలం కారు ఒకటి కొన్నాం. అప్పటి నుంచి రోజూ సాయంత్రం సముద్రం. ఆ కారే అమ్మకి కాళ్ళు.

అలాంటిది, ఒకే నెలలో మా వీధిలో రెండు కార్లు పోయాయి. మూడోది మాదే అవుతుందని అమ్మకి బెంగ పట్టుకుంది. గంటకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి, కనపడని కళ్ళతోనే, నీలంగా ఏదో ఉందో లేదో చూసుకునేది. బజారులో దొరికే అలారాలు పిల్లి దూకినా మోగుతాయి, లారీ పోయినా మోగుతాయి. వాటి గోల ఎవరూ పట్టించుకోరు.

"మనమే పెట్టుకుందాం," అంది హైమ. "పిల్లిని కాదు, దొంగని పట్టేది."

ఆ ఆదివారమంతా మా వాకిలి మెకానిక్ షెడ్డయింది. తలుపు పిడినీ, గేరు రాడ్డు పైన ఉండే గుండునీ హైమ ముందే విప్పి ఆ తొట్టిలో ముంచి తీసింది. పాత కారుకి బంగారు గేరు గుండు, ముష్టివాడి చేతికి కంకణం పెట్టినట్టు ఉంది. నేను బానెట్ ఎత్తి ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీశాను. సైరన్ మూతి పైకి పెట్టి బిగించబోతే హైమ అరిచింది, వాన నీళ్ళు నిలుస్తాయి, కిందికి తిప్పమని. ఇంజనుకీ డ్యాష్‌బోర్డుకీ నడుమ ఉన్న రేకులో రబ్బరు బిళ్ళ తొడిగిన చిల్లు ఒకటి ఉంటుంది. అందులోంచి వైర్లు లోపలికి లాగడానికి నేను డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి గంటసేపు ఉన్నాను. నా కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయని, మా వాణ్ణి కారు మింగుతోందని అమ్మ వచ్చేపోయేవాళ్ళకి చెప్పింది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, స్టార్టరుకి వెళ్ళే వైరు మధ్యలో కరెంటు ఆపే రిలే, కారు ఎక్కడుందో ఫోనులో చూపించే చిన్న డబ్బా ఒకటి సీటు కింద. అన్నీ అయ్యాక హైమ పద్ధతి చెప్పింది. చిన్న తప్పు చేసినవాడు ముట్టుకుంటే కీచుమంటుంది. పెద్ద తప్పయితే సైరన్, దాంతోపాటు ఇంజను స్టార్ట్ కాదు. గేరు గుండు మీద ఒట్టి చెయ్యి పెడితేనే స్టార్టరుకి కరెంటు వెళుతుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకున్నా లాభం లేదు. మోగడం మొదలుపెడితే మాత్రం మనసులో ఏమీ లేని చెయ్యి ఒకటి ఆ గుండు పట్టుకునేదాకా ఆగదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. అందుకని నేను దానికి గుమ్మడికాయ అని పేరు పెట్టాను. ఆ పేరే నిలిచిపోయింది.

మొదటి వారం వీధికి పండగే. మాస్టారు ఊరికే పిడి మీద చెయ్యి వేసి చూస్తే కీచుమంది. మా నాన్న బతికున్నప్పుడు ఆయన మా దగ్గర అరువు తీసుకున్న నిచ్చెన మర్నాడు పొద్దున్నే మా గోడకి ఆనించి ఉంది. పాలాయన ముట్టుకోనన్నాడు. ఎందుకు ముట్టుకోనంటున్నాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ బలవంతపెట్టలేదు. సుగుణ ధైర్యంగా వచ్చి ముట్టుకుని, మోగకపోతే, "చూశారా అమ్మగారూ!" అని షెడ్డు చుట్టూ తిరిగి అందరికీ చెప్పుకుంది.

నా మీద మాత్రం రోజూ మోగేది. కీచు కాదు, సైరన్. నిన్న తిన్న లడ్డు ఒప్పుకున్నాను. మోగింది. కిందటేడు హైమ పుట్టినరోజు మరిచిపోయి పని ఉందని బొంకిన సంగతి ఒప్పుకున్నాను. మోగింది. ఇంటర్‌లో కాపీ కొట్టినది కూడా చెప్పేశాను.

"ఇంకేదో ఉంది," అంది హైమ. "లడ్డూలకి ఇంత మోగదు. నాతో చెప్పలేనిది ఏముందండీ మీకు?"

"ఏం లేదు. నీ తొట్టిలోనే ఏదో తేడా ఉంది."

"నా తొట్టిలో తేడా లేదు."

ఉంది, నాలో ఉంది. పాఠకులతో దాపరికం ఎందుకు, చెప్పేస్తాను. నాన్న పోవడానికి రెండు రోజుల ముందు, ఒక గురువారం మధ్యాహ్నం, షెడ్డులోకి వచ్చి నా వెనక నిలబడి, "పాండూ, ఒకసారి సముద్రం దాకా తీసుకెళ్తావేంట్రా?" అన్నాడు. గాజుల ఆర్డరు తలమీద ఉంది. తొట్టి మీద నుంచి తల కూడా ఎత్తకుండా, "ఆదివారం చూద్దాం నాన్నా," అన్నాను. శనివారం తెల్లవారేసరికి ఆయన లేడు. ఆ తర్వాత కారు కొన్నాను, రోజూ సముద్రానికి వెళుతున్నాను, ఒక్కసారి తీసుకెళ్ళమని అడిగినవాణ్ణి తప్ప అందరినీ తీసుకెళుతున్నాను. ఆ కారు ముట్టుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అదే. ఈ సంగతి ఎవరితోనైనా చెబితే ఏడుస్తానని భయం. నలభై ఆరేళ్ళ మగవాణ్ణి.

"అలారం తీసేద్దాం హైమా," అన్నాను.

"మీరు చెప్పిన రోజు తీసేస్తాను," అంది. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ ఉందని నాకు తెలుసు. పదిహేడేళ్ళ కాపురంలో మొదటిసారి మా ఇద్దరి మధ్యా ఒక తాళం పడింది, ఆ తాళం కూడా ఆమె స్వయంగా చేసిందే.

అమ్మకి సముద్రం ఆగకూడదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. సాయంత్రం నాలుగింటికి హైమ వచ్చి గేరు గుండు పట్టుకుని ఇంజను స్టార్ట్ చేసి, నాతో మాట్లాడకుండా మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోయేది. నేను డ్రైవరు వైపు పిడి ముట్టుకోకుండా ఎడమ తలుపులోంచి దూరి, ఒక సీటు మీద నుంచి ఇంకో సీటు మీదికి పాకి, బంగారు గుండు మీద చేతిరుమాలు కప్పి బండి తోలేవాణ్ణి. ఒకసారి ఇంజను నడుస్తుంటే స్టార్టరు రిలే ఏమీ చెయ్యలేదు కదా. సముద్రం ఒడ్డున గంటసేపు ఇంజను ఆపకుండా ఉంచేవాణ్ణి. నా కారులోకి నేనే దొంగలాగా దూరడం చూసి మా వీధి పిల్లలు ఆ పాకుడు నేర్చుకుని ఆడుకునేవారు.

వైశాఖమాసపు ఎండ. ఆ రోజు కూడా అలాగే బయలుదేరాం. కోనేరు సెంటరు దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది. మిఠాయి కొట్టు ముందు ఆపాను. అమ్మకి రెండు లడ్డూలు, నాకు ఒకటి, అది మా ఇద్దరి రహస్యం. ఇంజను ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. అమ్మకి ఏసీ కావాలి. తాళంచెవి బండికే వదిలి, ఎడమ తలుపులోంచి దిగి, అలారం ఉందిగా అనుకుంటూ కొట్టులోకి వెళ్ళాను.

లడ్డు సగం నోట్లో ఉంది. గళ్ళ చొక్కా వేసుకున్న ఒకతను నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, డ్రైవరు వైపు బంగారు పిడిని ఒట్టి చేత్తో పట్టుకుని తలుపు తీశాడు. మోగలేదు. కూర్చున్నాడు. గేరు గుండు మీద రుమాలు తీసి, పచ్చగా మెరుస్తున్న గుండుని చూసి, బంగారమేమోనని గోటితో గీకి కూడా చూశాడు. మోగలేదు. కారు కదిలింది. నేను నోరు తెరిచాను గానీ లడ్డు అడ్డం పడి అరుపు రాలేదు.

పరుగెత్తాను. వంద గజాలు కూడా వెళ్ళలేకపోయాను. ఫోనులో మొదట కనపడిన పేరు నొక్కితే హైమ ఎత్తింది.

"అమ్మ... కారు... ఎవడో తోలుకుపోయాడు, అమ్మ లోపలే ఉంది!"

స్కూటరు మీద ఆరు నిమిషాల్లో వచ్చింది. చేతులకి రబ్బరు తొడుగులు కూడా తియ్యలేదు. ఆమె అడిగిన మొదటి మాట, "మోగలేదా?"

"లేదు! వాడికి అదొక పని. మనం పొద్దున్నే లేచి షెడ్డుకి వెళ్ళినట్టు వాడు కార్లెత్తుకెళ్తాడు. తప్పని వాడనుకుంటేగా మోగడానికి! నీ గుమ్మడికాయకి దొరికేది మంచివాళ్ళే హైమా, నాలాంటి వెధవలే!"

హైమ ముఖం పాలిపోయింది. నాలుగేళ్ళ పని నడిబజారులో ఒక్క మాటతో కూలిపోయింది. అయినా ఏడుస్తూ నిలబడలేదు, ఫోను తీసి చూసింది. నీలం చుక్క ఒకటి పెడన రోడ్డు మీద పోతోంది. "ఎక్కండి," అంది. దారిలోనే పోలీసులకి ఫోను చేసి కారు నంబరు చెప్పింది.

బందరు దాటాక, ఆ వేడిగాలిలో, స్కూటరు వెనక కూర్చుని, ఆమె వీపుకి చెప్పాను. గురువారం సంగతి, తల ఎత్తకుండా అన్న మాట, ఆదివారం సంగతి, అన్నీ. ఎదురుగా ముఖం లేదు కాబట్టి చెప్పగలిగాను. ఇప్పుడు అమ్మని కూడా లడ్డూల కోసం పోగొట్టుకున్నానని చెప్పాను. హైమ బండి నడుపుతూనే ఒక చేత్తో నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"ఇంత మోస్తూ ఉన్నారా," అంది. "నేనేమో రోజూ దాన్ని మోగించి చూస్తున్నాను. తప్పు నాదండీ."

అప్పుడే ఫోనులో చుక్క ఆగింది. కాసేపు కదల్లేదు. తర్వాత వెనక్కి తిరిగింది.

పెడనకి ఇవతల, రోడ్డు పక్క ఖాళీ స్థలంలో కలంకారీ గుడ్డలు ఎర్రగా, నల్లగా ఆరబెట్టి ఉన్న చోట, ముందు మోత వినపడింది. ఆ తర్వాత కారు కనపడింది. మా సైరన్ గొంతు చించుకుంటూ, మా నీలం కారు నిదానంగా, ఎడమ పక్కగా, పద్ధతిగా మాకు ఎదురొస్తోంది. గుడ్డలు ఆరేసే ఆడవాళ్ళు చెవులు మూసుకుని నిలబడ్డారు. మమ్మల్ని చూసి కారు ఆగింది. గళ్ళ చొక్కా అతను దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

నేను అతని కాలరు పట్టుకోబోయి, ముందు వెనక సీటు వైపు పరుగెత్తాను. అమ్మ నిక్షేపంగా కూర్చుని ఉంది.

"ఆ గోల ఆపండర్రా ముందు!" అంది.

హైమ తొడుగు లాగేసి గేరు గుండు పట్టుకుంది. ఆగలేదు. ఆమె మనసులో అప్పుడు ఏమేం ఉన్నాయో నాకు తెలుసు. నేను పట్టుకున్నాను. ఇంకా గట్టిగా మోగినట్టనిపించింది. గళ్ళ చొక్కా అతను కూడా మొహమాటంగా ఒక చెయ్యి వేసి చూశాడు. లాభం లేదు. "అందరికీ ఏమొచ్చిందర్రా!" అని విసుక్కుంటూ అమ్మ వెనక నుంచి ముందుకు వంగి, తడుముకుంటూ ఆ గుండు మీద చెయ్యి వేసింది. ఠక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో అమ్మ మా ముగ్గురి ఆకారాల వంకా కళ్ళు చికిలించి చూసింది.

"పాండూ, నువ్విక్కడుంటే మరి బండి తోలిందెవర్రా?"

"నేనండి," అన్నాడతను. "గంగరాజంటారండి."

"నువ్వెవరు నాయనా?"

"దొంగనండి."

అమ్మ ముఖం చూడాలి. భయం కాదు, ఒళ్ళు మండింది. "అయితే ఇందాక నేను చెప్పిందంతా నీతోనా చెప్పింది! నోరు మూసుకుని వింటావేం? నేను వాణ్ణి కానని ఒక్క మాట అనొద్దూ?"

"అనబోయానండి. మీరు ఆపితేగా."

జరిగింది ఇది. పెడన రోడ్డెక్కాక అమ్మకి మెలకువ వచ్చింది. ముందున్న తల నాదే అనుకుంది. వీపు అదే, బట్టతల అదే. నాతో ఒంటరిగా మాట్లాడాలని చాలా రోజుల నుంచి అనుకుంటోందట, సముద్రం దగ్గర జనం ఉంటారు, ఇంట్లో షెడ్డు మోత. అందుకని మొదలుపెట్టింది. గంగరాజు మొదట పట్టించుకోలేదు. ముసలమ్మని ఎక్కడో నీడలో దింపేద్దామని చూస్తున్నాడు. అమ్మ చెప్పాల్సింది చెప్పేసి, "చెమటలు పట్టినయ్యి చూడు, ఎప్పుడూ నీకు పనే," అంటూ పైటకొంగుతో అతని మెడ వెనక తుడిచింది. అప్పుడు, గేరు గుండు మీద అతని చెయ్యి ఉండగా, మోగింది.

"ఏం చెప్పావమ్మా?" అన్నాను.

"ఒకసారి చెప్పాను. మళ్ళీ చెప్పడానికి ఇదేమన్నా వ్రతకథా?" అని అమ్మ కిటికీ వైపు ముఖం తిప్పేసుకుంది. ఎంత బతిమాలినా పలకలేదు. అది కూడా మా వంశంలో ఉన్నదే, మనసులో మాట ముఖం చూసి చెప్పలేం.

గంగరాజు గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్తానండి. దానికే వెనక్కి తిరిగాను. లేకపోతే దిగి పొలాలకి అడ్డం పడి పారిపోయేవాణ్ణి, బండి ఎటూ మోగుతోంది. ఇరవయ్యేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నానండి, బళ్ళు తీశాను, మోటార్లు తీశాను, ఏనాడూ నిద్ర పట్టకపోవడమనేది లేదు. ఇది మాత్రం మీ సొత్తు. ఒకళ్ళకి చేరాల్సిన మాట నా చెవిలో పడింది. ఇది నేను ఉంచుకోలేనండి. తీసుకోండి."

నేను కారుకి ఆనుకుని నిలబడ్డాను. అతను కళ్ళు మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క మాట పోకుండా చెప్పాడు.

"'ఈ బండి నీ మీదే ఎందుకు మోగుతోందో నాకు తెలుసురా పాండూ. ఆ రోజు మీ నాన్న నిన్ను సముద్రానికి రమ్మని అడగడం నేను గుమ్మంలోంచి విన్నాను. నువ్వు ఆదివారం అన్నావు. నువ్వు అదే మనసులో పెట్టుకుని కుళ్ళిపోతున్నావు. పిచ్చి వెధవా, డెబ్భై ఏళ్ళు బందరులో బతికిన మనిషికి సముద్రం కొత్తా? పొద్దుట్నుంచీ వాడు ఆ తొట్టి మీద వంగే ఉన్నాడు, నడుం పట్టేస్తుంది, నాకోసమంటే అయినా లేస్తాడేమో, కాస్త గాలి తగుల్తుంది వాడికి అని, నీకోసం అడిగారురా. నువ్వు రానంటే లోపలికొచ్చి, వాడు పని వదలడే, నా కొడుకేగా అన్నారు. మంచమెక్కి పడుకున్నారు. హాయిగా గురక కూడా పెట్టారు.' అంతేనండి. ఇంకేం లేదు."

రోడ్డు మీద ఏడవకూడదని చాలా ప్రయత్నించాను. ఏడ్చాను. ఏడుస్తూనే ఆ గురక దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది, ఎందుకంటే నాన్న గురక ఎలాంటిదో నాకు తెలుసు, షెడ్డులో ఉన్నా వినపడేది. ఆ రోజు కూడా వినపడే ఉంటుంది. ఒక ఏడాదిగా నా గుండెల మీద కూర్చున్న మనిషి ఆ రోజు ఇంచక్కా నిద్రపోయాడు. హైమ కూడా నా భుజం పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. గుడ్డలు ఆరేసే ఆడవాళ్ళు మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

కాసేపటికి హైమలో కెమిస్ట్రీ లేచింది. గంగరాజుని పిలిచి గేరు గుండు పట్టుకోమంది. పట్టుకున్నాడు. మోగలేదు.

"ఇచ్చేశాడు కదా," అంది తనలో తాను, ఏదో సమీకరణం కుదిరినట్టు. "ఏవండీ, అయితే దొంగతనమంటే వీళ్ళకి..."

"తర్వాత రాసుకుందువుగాని," అన్నాను.

పోలీసులకి ఫోను చేసి, కారు దొరికిందండీ, మా బంధువే తీసుకెళ్ళాడట, అని చెప్పింది. ఆ అబద్ధం ఆడిన పాపానికి ఆ సాయంత్రమంతా పిడీ గుండూ ముట్టుకోకుండా జాగ్రత్తగా తిరిగింది. గంగరాజు ఇక వెళ్ళొస్తానన్నట్టు చేతులు జోడించాడు.

"ఎక్కడికయ్యా వెళ్ళేది?" అంది అమ్మ కిటికీలోంచి. "వీడు ఏడుస్తున్నాడు, బండి తోలలేడు. ఆ అమ్మాయీ ఏడ్చి ఏడ్చి ఉంది. పొద్దు వాలకుండా నన్ను సముద్రానికి తీసుకెళ్ళు."

స్కూటరు ఆ గుడ్డలు ఆరేసేవాళ్ళ దగ్గర వదిలేసి అందరం ఎక్కాం. గంగరాజు డ్రైవరు సీట్లో, నేను అతని పక్కన, వెనక అత్తాకోడళ్ళు. మిఠాయి పొట్లం ఇంకా నా జేబులోనే ఉంది, నలిగిపోయింది, అదే తలా కాస్తా పంచుకున్నాం. హైమ నా వంతు నాకు తన చేత్తోనే ఇచ్చింది, కొంచెమే.

పెడన నుంచి మంగినపూడి దాకా దారి పొడుగునా నేను గంగరాజుని వదల్లేదు. బందరు లోపలికి వచ్చేసరికి ఇంకోసారి చెప్పించుకున్నాను. సముద్రం రోడ్డు ఎక్కాక, సరుగుడు తోటల దగ్గర, మళ్ళీ చెప్పమన్నాను. అతను విసుక్కోకుండా మొదటి నుంచీ అప్పజెప్పాడు. "నా కొడుకేగా అన్నారు. మంచమెక్కి పడుకున్నారు. హాయిగా గురక..."

"అట్టా కాదు నాయనా," అంది అమ్మ వెనక నుంచి, ఇక ఉండబట్టలేక. "నా కొడుకేగా అని ఒకసారి నవ్వారు. బాగా నవ్వారు. ఆ తర్వాత గురక."